తొమ్మిది మీటర్ల గీత, ముప్పైఆరు మీటర్ల నేరం

గౌరవనీయులైన రవాణా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా కారు టైర్ల గీతలను ఒకదానికొకటి కూడి నా డ్రైవింగ్ స్కూలు లైసెన్సు ఆపివేయుట – తిరిగి ఇప్పించమని వేడుకొనుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఆసుపత్రి వెనక వీధిలో డ్రైవింగ్ స్కూలు నడుపుకొనుచున్నాను. పోయిన సోమవారం పొద్దున మా అత్తగారికి కారు నేర్పుచుండగా, ఒక పెద్దమనిషి ఫోనులో మాట్లాడుకొనుచు, అటూ ఇటూ చూడక, మా బండికి అడ్డముగా దిగినారు. "ఓరి నాయనో!" అని అత్తగారు తన బ్రేకు, నేను నేర్పేవాడి వైపు ఉండే బ్రేకు ఒకేసారి తొక్కితిమి. బండి ఆయన బూట్లకు జానెడు దూరంలో ఆగినది. ఆయన చెవి దగ్గర ఫోను దించకుండానే వెళ్లిపోయినారు.

2. చప్పుడు విని వచ్చిన ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు గారు టేపు తీసినారు. బండి కాస్త పక్కకు జారినందున నాలుగు చక్రాలకు నాలుగు విడి గీతలు పడినవి. ఒక్కొక్కటి తొమ్మిది మీటర్లు. వారు నాలుగింటినీ కూడి ముప్పైఆరు అని రాసుకొని, గీత పొడవును బట్టి వేగం చెప్పే సూత్రంలో వేసి, గంటకు ఎనభై కిలోమీటర్లు అని తేల్చి రిపోర్టు రాసినారు. ఆ వీధిలో హద్దు నలభై.

3. అయ్యా, నాలుగు చక్రాలూ కలిసి జారినది ఒకే దూరము. నలుగురం కలిసి బజారుకు పోతే బజారు నాలుగింతల దూరం జరగదు కదా! తొమ్మిది మీటర్లకు అదే సూత్రం నలభై అనే చెప్పుచున్నది. వారి లెక్కన అంతే దూరంలో ఆగిన పది చక్రాల లారీ నూట పాతిక మీద వచ్చినట్టు. ఈ మాటే అడిగితే ఇన్‌స్పెక్టరు గారు, "ఏమయ్యా, మిగతా మూడు గీతలూ ఎవరివి, మీ తాతవా?" అన్నారు.

4. ఇంట్లో పోరు వేరు. ఇంతవరకు నాలుగో గేరు మొహం చూసి ఎరుగని మా అత్తగారు ఆ రిపోర్టు నకలుకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించినారు. "ఎనభై అని గవర్నమెంటే రాసిచ్చింది. కాదనడానికి నువ్వెవరు అల్లుడూ?" అన్నారు. నేను అర్జీ వేస్తానన్నప్పటి నుంచి నాతో మాటలు లేవు.

5. లైసెన్సు లేక స్కూలుకు తాళం పడినది. నేర్చుకునేవాళ్లు ఎదురువీధి స్కూలుకు పోతున్నారు. నాకు చేతనైన పని ఇదొక్కటే. ఏం చేయాలో పాలుపోవడం లేదయ్యా, నిద్ర కూడా పట్టడం లేదు.

కావున తమరు దయతో ఆ పెద్దమనిషిని వెతికించి, సాక్ష్యం తీసుకొని, ముప్పైఆరును నాలుగుతో భాగింపజేసి, నా లైసెన్సు నాకు ఇప్పించుటకై చిత్తగించవలెను.

తమ విధేయుడు,
డ్రైవింగ్ స్కూలు యజమాని (ప్రస్తుతం పాదచారి)

తా.క.: తమ ఆఫీసు వరండాలో లైనులో నిలబడి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నన్ను ఆపడానికి వెంటపడి వచ్చిన అత్తగారు తలుపు సందులోంచి తమరిని చూసి, నా డొక్కలో పొడిచి, "అల్లుడూ, ఆ ఫోనాయన ఈయనే!" అన్నారు. నేనూ చూశాను. కాబట్టి వెతికించనక్కర్లేదు. అయ్యా, ఎనభై మీద వచ్చే బండి ఆగాలంటే ముప్పైఆరు మీటర్లు కావాలి. మేం బ్రేకు తొక్కినప్పుడు తమరు తొమ్మిది మీటర్ల మీద జానెడు దూరంలో ఉన్నారు. మేం నిజంగానే ఎనభై మీద వచ్చి ఉంటే, ఈ అర్జీ తమ తర్వాత వచ్చే ఆఫీసరు గారికి రాసుకునేవాణ్ణి.