డెల్మర్ కాలు మోపిన చోట

అమ్మా ఓర్లీన్,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఓపిగ్గా చదువుకో తల్లీ.

మన బేస్‌బాల్ జట్టుకు ఈ చలికాలమే ఆ పేరుమోసిన పిచర్‌ని తెస్తున్నావని విన్నాను. వద్దనను. రెండేళ్లు ఆగమంటాను. మన కుర్రాళ్లకు బంతి పట్టడం ఇంకా కుదరలేదు.

అప్పట్లో మీ నాన్న ఆగలేదు. ఎదిగొస్తున్న ముగ్గురు కుర్రాళ్లను వేరే జట్టుకు ఇచ్చేసి, బదులుగా పిచర్ డెల్మర్‌ని తెచ్చాడు. నేను గొణిగితే, "ఒరేయ్, నువ్వు మైదానంలో గడ్డి చూసుకో, ఆట నేను చూసుకుంటా" అని నవ్వాడు. బ్యాటుకు తగిలి పైకి లేచిన తేలిక బంతుల్ని కూడా మనవాళ్లు జారవిడిచారు. "ఇక వాళ్ల దాకా పోనిస్తేగా పెద్దాయనా!" అన్నాడు డెల్మర్. ఎవడి బ్యాటుకూ తగలకూడదని ప్రతి బంతీ ఒళ్లంతా విరుచుకుని విసిరాడు. ఆగస్టులో, బంతి విసిరే దిబ్బ మీదే, చెయ్యి పటుక్కున విరిగింది. ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

అతని కాలు పడిన చోట గుంటను ఏటా బంకమట్టితో పూడుస్తాను. మళ్లీ అక్కడే కుంగుతుంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

నిన్న ఆ గుంటలో మట్టి తొక్కుతుంటే, "కొత్తవాడి వెనక బంతి పట్టేవాళ్లు ఎవరున్నారు పెద్దాయనా?" అని డెల్మర్ అడిగినట్టయింది. ఏం చెప్పమంటావు? శుక్రవారం ఆ కొత్తవాడితో సంతకాలట కదా, ఆ లోపే రాయి తల్లీ.

మీ బాబాయ్