మూట కింద చెప్పులు

తమ్మీ శివకృష్ణా,

ఫోన్ చేస్తే మీటింగుల ఉన్నా అని కట్ చేస్తున్నవ్, గందుకే రాస్తున్న. కరోనా పుణ్యాన హైదరాబాద్ రూంల కూసొనే కొలువు దొరికిందన్నవ్. రోడ్డు మీద ఏది మనిషో, ఏది సామానో డ్రైవర్ లేని కార్లకు నేర్పుడట. సంతోషమే. నీ పనిల మన సూరత్ రింగ్ రోడ్ వచ్చిందని మొన్న ఫోటో పంపితివి. అండ్ల చీరెల మూట చుట్టు గీత గీసి ‘సామాను’ అని రాసినవ్.

ఏందిరా గిది? మూటలు వాటంతట అవే నడుస్తయా? వంగి మోసెటోని మొహం మూట కిందికి పోతదని సూరత్‌ల పుట్టినోనివి, నీకెరుక లేదా? మొహం కనవడకుంటె సామానే రాయమని మీ సార్ చెప్పిండట. సామానే కదా అని రేపు గా కారు గుద్దితే, మీ సార్ వచ్చి లేపుతడా?

జర ఆ మూట కింద చెప్పులు చూడు. తెగిన పట్టీ బట్టలు నేసే సాంచల నూలుతోటి కట్టి ఉంటది. కట్టింది నేనే.

బాపు గూడ ఫోటో చూసిండు. “పోరడు నన్ను గుర్తువట్టే పంపిండా?” అని మురిసిండు. అవునని అబద్ధమాడిన.

గా ‘సామాను’ కొట్టేసి మనిషి అని రాసినంకనే ఇంటికి ఫోన్ చెయ్యి.

నీ అక్క