హవల్లీ బడిలో సీటు వద్దు

ఏవండీ, పప్పుచారు పొయ్యి మీదుంది, వేడి చేసుకోండి. శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం హవల్లీ బడికెళ్ళి పాపకి సీటు వద్దని చెప్పేయండి. నావల్ల కాదు.

బడికి వంక పెట్టడానికేం లేదు. నిన్న మళ్ళీ వెళ్ళి చూశాను. క్లాసుల్లో వెలుతురుంది, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, తెలుగు టీచరమ్మ కూడా ఉంది. నేను ఊళ్ళో ఉన్న మన నిస్సీకి వీడియో కాల్‌లో బడి చూపిస్తుంటే ఆవిడే దాన్ని అడిగింది, "అమ్మ దగ్గరికొచ్చి చదువుకుంటావా?" అని.

అది మా అక్క కొంగు పట్టుకుని, "మా అమ్మ ఇక్కడే ఉందండీ. ఆవిడ కువైట్ అమ్మ" అంది. నవ్వుతూనే అంది.

అక్కనేమీ అనకండి. పాలసీసా పట్టి పెంచింది ఆవిడే.

డ్యూటీకి వెళ్తున్నాను.
సిల్వియా

రాత్రి ఫోన్లో దాన్ని రమ్మనకండి. అన్నం తిందో లేదో కనుక్కోండి, చాలు. కువైట్ అమ్మ అడిగిందని చెప్పండి.