జింకావారి గంగాళం

1943 మే 6, తిరుపతి

ఈ ఉదయం పదిన్నరకు నగరి వరదమ్మ తన అత్తగారి ఇత్తడి గంగాళం అమ్మేసింది. కొడుకు పెళ్ళి ఆరు రోజుల్లో.

యుద్ధంలో ఇత్తడి ధరల మీద పత్రికకు రిపోర్టు కోసం నేను చెంగల్రాయుడి పాతసామాన్ల అంగట్లో కూర్చున్నాను. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని ఆమె రైలెక్కి ఇంతదూరం వచ్చింది. చూస్తే ఎదురుగా నేను, నగరిలో ఆమె పక్కవీధివాణ్ణి. అయినా తనే గంగాళం బోర్లించి అడుగున అతుకు చూపించింది. అతుకు సూపించినోళ్ళకాడ బేరమాడేది లేదన్నాడు చెంగల్రాయుడు.

బయటికొచ్చాక చెప్పింది. నూలు దొరక్క మగ్గం ఆగింది. తాళిబొట్టుకు వేరే దారి లేదు. పెళ్ళికూతురి తండ్రి, కాళహస్తి దేవరాజులు, మగ్గం ఆడుతోందనే అనుకుంటున్నాడు. ఈడ సూసింది ఈడనే మర్సిపో నాయనా, పెండ్లి మాత్రం మర్సిపోబాక అంది. సరేనన్నాను.

మే 7

రిపోర్టు పంపాను. వరదమ్మ సంగతి అందులో లేదు.

మే 8

మళ్ళీ అదే అంగట్లో ఉండగా ఒక పెద్దమనిషి వచ్చాడు. కాళహస్తి అట. పేరు దేవరాజులు. కూతురి పెళ్ళికి పాత్రలు కావాలి, కొత్తవి దొరకడం లేదు. నేను పెన్ను మూసేశాను.

ఈ అంగట్లో పాత్రల మీది పేర్లు గోడవైపు తిరిగి ఉంటాయి. కొనేవాళ్ళు చూసినా పైకి చదవరు. బేరం ముగిశాక చెంగల్రాయుడు ఆకురాయితో పేరు గీకేస్తాడు. అదీ ఇక్కడి మర్యాద.

దేవరాజులు అతుకు కోసం గంగాళం తిప్పాడు. పేరు మీద వేలు ఆగిపోయింది. నగరి జింకా చౌడమ్మ, వరదమ్మ అత్తగారు. ఆయన పిల్లనిస్తున్నది జింకావారికే. అమ్మినోళ్ళు ఎవరని అడిగాడు. అతుకు యాడుండాదో అడుగప్పా సెప్తా, ఆ మాట మాత్రం అడగబాక అన్నాడు చెంగల్రాయుడు.

బేరం కుదిరి అతను ఆకురాయి తీయగానే దేవరాజులు చెయ్యి అడ్డం పెట్టాడు. పేరు ఉండనిమ్మన్నాడు. గంగాళం జట్కాలో పెట్టించుకుని వెళ్ళిపోయాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

అది ఆ పేరుతోనే పదిమందిలో దిగితే పెళ్ళి ఆగిపోవచ్చు.

మే 9

వరదమ్మకు కార్డు రాశాను. చించేశాను.

మే 11, నగరి, సాయంత్రం

గంగాళం వచ్చింది. దేవరాజులు వాళ్ళ తమ్ముడు బండిమీద తెచ్చి పందిట్లో దించాడు. నిండా బియ్యం. అడిగి తెచ్చుకున్న పాత్రను ఇక్కడ ఖాళీగా తిరిగివ్వరు. అందరికీ వినబడేలా చెప్పాడు: మా వొదిన వడియాలకని మీ గంగాళం అడిగి తెచ్చుకునిందంట, పంపేదానికి ఆలస్యమైంది, ఏమీ అనుకోబాకండని మాయన్న సెప్పమన్నాడు.

పక్కింటి అక్కమ్మ ఊరుకోలేదు. వడియాలకు ఇంత గంగాళమా, కాళహస్తి అంతా ఎండబెట్టినారా అంది. అందరూ నవ్వారు. వరదమ్మ కొంచెం ఆలస్యంగా నవ్వింది. మర్సేపోయినా అబ్బా, నేనే ఇచ్చినా అంది.

అందులో ఒక్క మాటా నిజం కాదని ఆమెకు తెలుసు. నాకు తెలుసు.

అదే రోజు, దీపాలు పెట్టాక

వరదమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. రేపు ఉదయం ఆరింటికి కాళహస్తివాళ్ళు దిగుతారు. ఎనిమిదికి ముహూర్తం. ఆ నడుమ తను దేవరాజులును లోపలికి పిలిచి, ఆగిన మగ్గం చూపిస్తుందట.