రింగ్ పోతూనే ఉంటుంది

బాన్సువాడ,
12-9-2009

చిరంజీవి వైశాలికి బాపు ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ, తమ్ముడు నరేష్ క్షేమం. హాస్టల్ తిండి పడుతోందని రాశావు, సంతోషం.

"మూడు వారాల నుంచి చేస్తున్నా, రింగ్ పోతుంది గానీ ఎవరూ ఎత్తరేంది, నా మీద కోపమా?" అని అడిగావు. పిచ్చిదానా, కోపమెందుకు? నువ్వు హాస్టల్‌కు పోగానే మన ఫోన్ చచ్చింది. తీగ తెగినా చేసేవాళ్ళ చెవిలో రింగ్ పోతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం మోగదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న లైన్‌మన్ ఇంట్లో ఫోన్ లేదని వీధంతా నవ్వుతోంది. నవ్వనీ.

మన వీధి కేబుల్ వేసినప్పుడు నీకింకా నడక రాలేదు. ఒక్కో ఫోనుకు రెండు తీగల జత కావాలి. స్తంభం మీది పెట్టెలోకి పది జతలు వస్తే మంచివి నాలుగే. మిగతావి వాన నీళ్ళు తాగి కుళ్ళిపోయాయి. అతుకులకు పాల కవర్లు చుట్టి నెట్టుకొస్తున్నాను. కొత్త కేబుల్ కోసం రాసి రాసి నా చేతులు పడిపోయాయి. పైవాళ్ళు కేబుల్ పంపలేదు, బ్రాడ్‌బ్యాండ్ అమ్మమని బ్యానర్ పంపారు. కుళ్ళిన తీగ మీద నెట్ అమ్మాలట. సిగ్గుండాలి.

అందుకే మాలాంటివాళ్ళం ఒక పని చేస్తాం. గట్టిగా అరిచేవాడికి మంచి జత కలుపుతాం. నోరులేని వాళ్ళది ఊడదీస్తాం. వాళ్ళొచ్చి అడిగితే "పైనుంచే ఖరాబ్ ఉన్నది" అంటాం.

మన వీధి సాయవ్వ ఎట్లున్నదని కూడా అడిగావు. ఆ జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఇన్నాళ్ళు ఆలస్యమైంది.

నీ సీటు కోసం నెట్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టిన ఆ నాలుగు రోజులు గుర్తున్నాయి కదా. మొదటి రోజు నెట్ తెగి పెట్టినవి పెట్టినట్టే కొట్టుకుపోతుంటే ఏడ్చావు. మర్నాటి నుంచి నెట్ ఆగకుండా వచ్చింది. "బాపూ, నువ్వు గ్రేట్" అన్నావు. అది సాయవ్వ జత బిడ్డా. లారీ నడిపే కొడుకు గంగారాం తప్ప ఆ ముసలామెకు ఎవరు చేస్తారు, వాడైనా వారానికొకసారే కదా అనుకున్నాను. "ఫోన్ పలుకుతలేదు కొడుకా, జర సూడు" అని ఆమె రెండుసార్లు వచ్చింది. పైనుంచే ఖరాబ్ ఉన్నదవ్వా అన్నాను.

ఆ రోజుల్లోనే నాగపూర్ దాటాక గంగారాం లారీ బోల్తా పడింది. క్యాబిన్‌లో పెయింట్‌తో రాసుకున్న నంబరు తల్లిదొక్కటే. తోటి డ్రైవర్ దవాఖాన నుంచి రెండు రోజులు చేశాడు. గంగారాంకు తెలివొచ్చినప్పుడు ఫోన్ వాడి చెవికే ఆనించాడట. రింగ్ పోతూనే ఉందట. మూడో రోజు వాడు పోయాడు. ఇక ఎవరూ ఎత్తరనుకుని దహనం అక్కడే చేశారు. నువ్వు హాస్టల్‌కు పోయిన రెండో రోజు ఆ డ్రైవర్ వాడి బట్టల సంచి తెచ్చేదాకా సాయవ్వకు తెలియదు. కడచూపు కూడా దక్కలేదు. నీకు రాయొద్దని మీ అమ్మకు నేనే చెప్పాను.

దినాల నాడు సాయవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నా ఫోన్ సచ్చి ఉండె గద కొడుకా. మరి రింగ్ పోయిందంటుండు గా డ్రైవర్. గట్లెట్ల అయితది? అవ్వ ఎత్తలేదనుకునే పోయిండా నా కొడుకు?" అని అడిగింది. తీగ తెగినా రింగ్ పోతుందని నీకు పైన రాసిన ఆ ఒక్క ముక్క ఆమెకు చెప్పకుండానే తల వంచుకుని లేచి వచ్చాను.

నీ ఆప్షన్లు అయిన మర్నాడే ఆమె జత ఆమెకు కలిపేశాను. మన పాత తడిసిన జత నువ్వు పోగానే పూర్తిగా చచ్చింది, దాన్ని బాగుచెయ్యలేదు. నాకు చెయ్యి రావడం లేదు.

దసరాకు వస్తావు. జమ్మి ఆకు చేతిలో పెట్టి సాయవ్వ కాళ్ళు మొక్కుతావు. నీ చదువు చల్లగుండాలని ఆమె దీవిస్తుంది. అది చూస్తూ నేను నిలబడలేను. అందుకే ముందు నీకు రాశాను. ఈ ఉత్తరం డబ్బాలో వేసి నేరుగా ఆమె ఇంటికే పోతాను. ఏమన్నా పడతాను. తప్పు నాది, నీది కాదు. చదువు మాత్రం మానకు.

అప్పటిదాకా ఇంటికి ఫోన్ చెయ్యకు బిడ్డా. నీకు రింగ్ పోతూనే ఉంటుంది.

ఇట్లు,
మీ బాపు
వెంకట్రాములు