ఒక గడి వదిలిన గోడ

కుడతిని.

మా అక్క లక్ష్మమ్మకు తమ్ముడు ఓబులేసు వంద దండాలు పెట్టి రాసేది. నేనిక్కడ కులాసా. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నాయన దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే బడి అయ్యవారికి కూడా నమస్కారం. అయ్యవారూ, ఒక్క మాట కూడా మింగకుండా చదవండి.

నీ ఉత్తరం అందింది. మామ తన కూతురు నాగమ్మను నాకివ్వడానికి ఒప్పుకున్నాడని, కాని నేను గోడలకు ముగ్గులు వేయడం మానుకోవాలని, ఎవరడిగినా సున్నం మేస్త్రీనని చెప్పుకోవాలని రాయించావు. నాయన మాట కూడా అదేనన్నావు. అది చదివాక ఆ రోజు అన్నం సహించలేదు. జవాబు చివర చెబుతాను. ముందు ఇక్కడి సంగతులు విను.

ఎండ గురించి ఏమని చెప్పేది! తడిపిన గోడ వక్క నమిలేలోపు ఆరిపోతుంది. జొన్నరొట్టె, గురెళ్ళ పొడి అలవాటయ్యాయి గాని నీ చేతి ఊరుబిండి పచ్చడి లేని లోటు లోటే. ఈ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిశాక ఆఫీసు కాగితాలన్నీ కన్నడమే, వంటిళ్ళలో మాత్రం మన తెలుగే. పక్కింటి బసమ్మ రోజూ "ఊట ఆయ్తేనప్పా?" అని అడుగుతుంది. తినకపోయినా "ఆయ్తమ్మా" అంటాను. నువ్వు దిగులు పడకు, వేళకు తింటున్నాను. నిజంగానే తింటున్నాను.

ఇప్పుడు పని సంగతి. ఈ ఊళ్ళో పెద్ద రైతు వీరారెడ్డి కొత్తిల్లు కట్టాడు. సున్నం కొట్టే గుంపులో నేనూ ఉన్నాను. ఆయన తల్లి ఎల్లమ్మవ్వ పుట్టిల్లు మన తాడిపత్రి వైపే. ఆమె కర్ర పట్టుకొని వచ్చి గోడలు చూసి మూతి తిప్పింది.

"ఇదేందిరా, ఇల్లా, ఆస్పత్రా? నడింటికి జాజు పూసి ముగ్గులేసేవాళ్ళు ఈ ఊర్లో యాడా లేరా?"

కోడళ్ళిద్దరూ తమకు రాదన్నారు. నేను నిచ్చెన మీద నుంచే, "నాకొస్తాది అవ్వా" అన్నాను.

గుంపంతా పగలబడి నవ్వింది. మా మేస్త్రీ హనుమంతు, "ఏందప్పా ఓబులేసూ, సంతలో గాజులు తెచ్చియ్యల్నా?" అన్నాడు.

"తే అప్పా, చేతికి పడితే ఏసుకొనే గీస్తా. నీ సున్నం గీత పాము మాదిరి పోతాండాది, దానికేం తెచ్చుకుంటావో చూసుకో ముందు" అన్నాను. ఇంతకుముందైతే తల దించుకొనేవాణ్ణి అక్కా. ఇప్పుడు దించను.

ఎర్రమన్ను కలిపి గోడంతా జాజు పూశాను. ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసుకొని, తెల్లసుద్దతో గళ్ళ పట్టీ మొదలుపెట్టాను. గడికొక జాన, గడిలో నాలుగు ముక్కోణాలు, నడుమ చుక్క, అంతా నువ్వు నేర్పినట్టే. నీ లెక్క ప్రకారం మన నడింటికి పదహారు గళ్ళు కదా! ఇదీ అంతే పొడవు గోడ అనుకొని నా జానతో కొలిచాను. నీ జానెక్కడ, నా జానెక్కడ! పదమూడు కూడా నిండలేదు, మూలలో గడి సగానికి తెగింది. నన్ను నేనే తిట్టుకొని, తుడిచి మళ్ళీ వేశాను.

మూడు రోజులకు పట్టీ పూర్తయింది. మన ఇంటి ఆచారం ప్రకారం తలుపు పక్క గడి ఒక్కటి వదిలేశాను. రెడ్డి కొడుకు వచ్చి చూశాడు.

"ఏమప్పా, పని సగంలో ఇడిసినావే? నింపు."

"అది నేను ముట్టకూడదప్పా. ఇంటి ఆడమనిషి నింపల్ల."

"నాకే చెప్తాండావా? నింపుతావా, గోడంతా సున్నం కొట్టియ్యల్నా?"

"కొట్టియ్యప్పా. మళ్ళీ గీస్తా. ఆ గడి మాత్రం మళ్ళీ ఇడుస్తా."

భయమేసింది అక్కా, అబద్ధమెందుకు! కాని కదల్లేదు. అమ్మ మాట గుర్తుందా? ఎవరు గీసినా అది రంగే, ఇంటి ఆడమనిషి వేలు పడ్డాకే గోడ ఆ ఇంటిదవుతుంది. అమ్మ జ్వరంతో పడిన ఉగాదికి నువ్వు అత్తగారింట్లో ఉన్నావు, గోడంతా నేనే గీశాను. ఆఖరి గడికి అమ్మను ఎత్తుకొని తీసుకుపోతే వేలితో నింపింది. ఆమెకదే చివరి పండగ. మరుసటేడు నేను మళ్ళీ గీయబోతే నాయన సుద్ద ముంత దిబ్బలో పారేశాడు. అప్పుడు వచ్చేశాను ఊరొదిలి.

ఆ కేకలకు ఎల్లమ్మవ్వ వచ్చింది. కర్ర మనవడి చేతికిచ్చి, సుద్దలో వేలు ముంచి, గోడ పట్టుకొని ఆ గడి నింపింది. గీతలన్నీ వంకరే. చుక్క ఎక్కడో పడింది. చూసి చూసి, "మా అమ్మ ఇల్లు వచ్చినాదిరా" అని ఏడ్చింది. తరువాత "ఎవురు నేర్పినార్రా నీకు?" అంది. "మా అక్క" అన్నాను. ఆ మాట అంటే నాకెంత గర్వమో నీకు తెలియదు.

ఇప్పుడు ఇంకో రెండిళ్ళవాళ్ళు పిలిచారు. హనుమంతు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వనీ, నవ్వితే గీత చెరగదు.

ఇక జవాబు. నేను మానను. సున్నం మేస్త్రీనని చెప్పను. మామకు నామోషీ అయితే సంబంధం మానుకోమను. నాయనకు నా మీద కోపమైతే కోప్పడమను. దిబ్బలో పారేసింది ముంతనే, నా చేతులు నా దగ్గరే ఉన్నాయి. కాని నాగమ్మను ఎవరూ అడగలేదు కదా అక్కా? నువ్వే పోయి అడుగు. నేనుండే అద్దె గదికి జాజు పూసి పట్టీ వేశాను, తలుపు పక్క గడి వదిలాను. ఇష్టమైతే వచ్చి నింపమను. లేకుంటే అది అట్లాగే ఉంటుంది. సున్నం మాత్రం కొట్టను.

వచ్చేవాళ్ళెవరైనా ఉంటే మన వంక దగ్గరి సుద్ద ఒక మూట పంపు. ఇక్కడిది ఆరితే రాలిపోతుంది. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. నాయన కాళ్ళకు నా బదులు నువ్వు మొక్కు, ఆయన తిట్టినా మొక్కు. మీ ఆశీర్వాదం నాకుండాలి.

అయ్యవారూ, మామ, నాయన ఇద్దరూ అరుగు మీదే ఉంటారు. కింది వరుస కొంచెం గట్టిగా చదవండి.

ఇట్లు,
గోడలకు ముగ్గులు వేసే
ఓబులేసు