అత్తమ్మ ఇచ్చేసిన కుర్చీ

నాచారం, ఆదివారం రాత్రి, 1991

ఇవాళ అత్తమ్మను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది.

పోయిన నెల చర్చికి ఒక తెల్లాయన వస్తే, సంఘ పెద్దగా మా ఆయన మా ఇంట్లోని మెత్త కుర్చీ మోసుకెళ్లి మరీ వేశారు. ఇవాళ యూనివర్సిటీలో చదివే కెన్యా అబ్బాయి వచ్చాడు. అతనికి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన చాప చూపించారు.

ఆడవాళ్ల వైపున్న ఒక్క కుర్చీ అత్తమ్మది. మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోవడం ఆమెవల్ల కాదు. ఆ కుర్చీనే మగవాళ్ల వైపు ఈడ్చుకెళ్లి, "కూసో బిడ్డా" అని, తను చాప మీద కూలబడింది.

"స్టూడెంటు పిలగాడే గదనే అమ్మా!" అన్నారు ఈయన, గొంతు తగ్గించి.

"దొరోళ్ల గడి ముంగట మీ నాయిన చెప్పులు చేతవట్టుకొని నిలవడితే దొర గిట్లనే సూశిండు. గా సూపు నీకెట్లొచ్చిందిరా?"

ఆ బాధ తెలిసిన మాకే తెల్ల తోలు కనబడితే వెన్ను వంగుతుంది, నల్ల తోలు కనబడితే మెడ నిక్కుతుంది. ఎందుకో...

ప్రార్థనయ్యాక ఆ అబ్బాయే ఆమెను చేయి పట్టి లేపాడు.

ఇప్పుడు ఈయన ఆమె మోకాళ్లకు నూనె రాస్తున్నారు. "వచ్చే ఆదివారం మెత్త కుర్చీ తీస్కపోదాం తియ్యే" అన్నారు.

"నాకా, గా పిలగానికా?"